ఎండలో పెట్టిన మూడు సీసాలు

8, మంగళవారం

తొమ్మిదో తరగతితో బడి మానేశాను, నిజమే. ఎవరు కాదన్నారు? దానికీ చేపలకి ఊపిరాడటానికీ ఏంటి సంబంధం బావా? చదువుకున్నవాడు చెప్పినా చదువుకోనివాడు చెప్పినా నీళ్ళలో ఆక్సిజన్ అయిపోతే చేప చస్తుంది. నిన్న ఈ మాట నోటికి రాలేదు. ఎప్పుడూ ఇంతే. తిని చెయ్యి కడుక్కున్నాక గుర్తొస్తాయి నాకు జవాబులు.

నిన్న బావ ఆ కాగితం తెచ్చి అక్క ముందే నా కంచం పక్కన పెట్టాడు.

"ఏంటిది?" అన్నాడు.

"మా ల్యాబ్ కాగితం."

"చదువు. చదవడం వచ్చుగా?"

చదివాను. ఏరు చెరువులో కలిసే ఏటి నోటి దగ్గర నీళ్ళు పరీక్షించాం, ఐదు రోజుల్లో ఆక్సిజన్ పెద్దగా తగ్గలేదు, ప్రస్తుతానికి కేజ్‌లు అక్కణ్ణించి జరపనక్కర్లేదు. కింద మేడమ్ సంతకం.

"మీ మేడమ్ జరపక్కర్లేదంటోంది. ఆవిడ దగ్గర సీసాలు కడిగే నువ్వేమో జరపమని చెవిలో జోరీగలా పోరుతున్నావు. ఎవరి మాట వినాలిరా నేను?"

అక్క నవ్వింది. అదే మండింది నాకు. నేను సీసాలు కడగను. కడిగేది తాత. నేను నింపుతాను.

బావ బాధ బావది, ఒప్పుకుంటాను. పోయినేడు ఇదే ల్యాబ్ జాగ్రత్త అన్నదని ఎనిమిది కేజ్‌లూ పడవకి కట్టి లోతు వైపుకి లాగాడు. కేజ్ అంటే పైన తేలే చట్రం, కింద వేలాడే వల, అందులో పెంచే చేపలు. లాగుతుంటే చేపలు ఆ వలకి కొట్టుకుని పొలుసులూడి పుళ్ళు పడ్డాయి. వారం రోజులు మేత ముట్టలేదు. తీరా చూస్తే ఏటి నోటి దగ్గర ఏమీ కాలేదు. జరపకుండా కూర్చున్న మిగతా నలుగురు కేజ్‌లవాళ్ళూ బావని ఏడాదంతా ఆటపట్టించారు. ఇప్పుడు చేప పట్టడానికి మూడు వారాలు కూడా లేదు. అందుకే కదలనంటాడు.

కానీ ఈ ఏడు నీళ్ళు వేరు. పైన వానలు ముందే పడ్డాయి, అడవిలో నేలమీదున్న ఆకంతా ఒక్కసారే ఏట్లోకి దిగింది. చెరువులోకి ఏరు కలిసే చోట నీళ్ళు డికాషన్‌లా ఉన్నాయి. ఆ ఆకు కుళ్ళాలి. కుళ్ళేటప్పుడు ఆక్సిజన్ తినేస్తుంది. అందులోనే ఉన్నాయి బావ కేజ్‌లు.

కాగితం తప్పని నాకెందుకు అంత గట్టిగా తెలుసో నిన్న చెప్పలేదు. ఇక్కడా రాయను.

9, బుధవారం

పొద్దున్నంతా ఆకుల సంచులు. మేడమ్‌కి ఇవంటే ప్రాణం. పది గ్రాముల ఎండుటాకు తూచి వల సంచిలో కట్టి ఏట్లో ముంచుతాం. పెద్ద కన్నాల సంచి ఒకటి, పురుగు దూరేది. చిన్న కన్నాలది ఇంకోటి, పురుగు దూరనిది. పదిహేను రోజులకోసారి తీసి, కడిగి, ఎండబెట్టి మళ్ళీ తూస్తాం. ఈరోజు పెద్ద కన్నాల సంచిలో మిగిలింది ఆరు గ్రాములు. నాలుగు గ్రాములు ఎక్కడికి పోయాయంటే తాత చెప్పాడు. తాత అంటే నా తాత కాదు, ముప్పై ఏళ్ళుగా ల్యాబ్‌లో సీసాలు కడుగుతున్నాయన, అందరికీ తాతే.

"నీళ్ళలో పడగానే ఆకు రంగు దిగిపోతుందిరా, టీపొడి దిగినట్టు. ఆనక బూజు పడుతుంది. బూజు పట్టిన ఆకంటే పురుగులకి మహా రుచి. అవి కొరికి పొడి చేస్తే, ఆ పొడిని కంటికి కనపడనివి తింటాయి. తిన్నవన్నీ ఊపిరి పీల్చాలి కదా? చేప పీల్చే ఊపిరే అవీ పీల్చేది."

"మరి ఆకు ఏమైనట్టు?"

"సగం వాటి ఒళ్ళు అయింది, సగం గాలి అయి పైకి పోయింది. నీ జీతం లాగే, ఎటు పోయిందో కనపడదు."

మధ్యాహ్నం ఏటి నోటి దగ్గర నా సొంతానికి మూడు సీసాలు నింపాను. బుడగ లేకుండా, మూత పెట్టాక తలకిందులు చేసి చూసి మరీ. నింపగానే ఆక్సిజన్ మీటర్ 7.2 చూపించింది. ఫాయిల్ చుట్టి అల్మారాలో అన్నిటికన్నా వెనక పెట్టాను.

ఐదు రోజులు. పద్నాలుగో తేదీకి తెలిసిపోతుంది. ఆక్సిజన్ తగ్గలేదనుకో, కాగితం కరెక్టే, నేను ఎవరికీ ఏమీ చెప్పే పనే లేదు. పరీక్ష చెయ్యకుండా నోరు జారడం తప్పు కదా. మేడమే అంటారు ఆ మాట.

10, గురువారం

సరే, రాస్తాను.

కాగితంలో లెక్కకొచ్చిన మూడు సీసాలూ నేను రెండో తేదీన నింపినవే. ఐదు రోజులు చీకట్లో ఉండాలి. ఎందుకంటే ఆ నీళ్ళలో పాచి కూడా ఉంటుంది, కంటికి కనపడనంత సన్నది. వెలుతురు తగిలితే అది ఆక్సిజన్ వదులుతుంది. ఒక పక్క కుళ్ళు తినేస్తుంటే ఇంకో పక్క పాచి నింపేస్తుంటుంది. అప్పుడు మీటర్ చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. అందుకే ఫాయిల్, అందుకే అల్మారా. ఇది నాకు మొదటి రోజే చెప్పారు. తెలియదని అనడానికి లేదు.

ఎండకి ఈ గోధుమ నీళ్ళ రంగు విరిగిపోతుందని తాత ఓ మాట అన్నాడు. విరిగితే ఎలా ఉంటుందో చూడాలనిపించింది. ఫాయిల్ తీసి డాబా మీద పెట్టాను. ఒక్క పూటే.

ఒక్క పూట కాదు, రెండు రోజులు. కానీ సాయంత్రాలు లోపల పెట్టేశాను.

నిజంగానే విరిగింది రంగు. డికాషన్ కాస్తా పలచటి తేనెలా అయింది. భలే ఉండింది చూడటానికి.

ఆరో తేదీన ఎప్పట్లాగే ఫాయిల్ చుట్టి అల్మారాలో పెట్టాను. ఏడో తేదీన మేడమ్ మూతలు తీసి మీటర్ పెడితే మూడింట్లోనూ ఆక్సిజన్ దాదాపు దిగనే లేదు. ఆవిడకి ఆశ్చర్యం వేసింది. నా వైపు తిరిగి, "చీకట్లోనే ఉన్నాయి కదా?" అన్నారు.

"అల్మారాలోనే ఉన్నాయి మేడమ్" అన్నాను.

ఆవిడ బయటికి తీసినప్పుడు అల్మారాలోనే ఉన్నాయి.

11, శుక్రవారం

అక్క కొత్త చొక్కా తెచ్చింది. "నాలుగు నెలలు ఒక్క పనిలో నిలిచావు, నీకే దిష్టి తగులుతుందిరా" అంది. అంతకుముందు టైర్ల కొట్లో రెండు నెలలు, ప్రెస్‌లో ఇరవై రోజులు, బస్సుల్లో వారం. అందుకే బావ నన్ను తూనీగ అంటాడు. ఒక్కచోట వాలడట.

చొక్కా భుజాల దగ్గర బిగుతు. చెప్పలేదు.

12, శనివారం

తాత వెనక అరలో వెతుకుతూ నా మూడు సీసాలు పట్టుకున్నాడు.

"ఎవరివిరా ఇవి? పేరు లేదు, తేదీ లేదు, అనాథల్లా ఉన్నాయి."

"నావే తాతా. ఊరికే, ప్రాక్టీసు."

"ప్రాక్టీసా? శనివారం రెండింటికల్లా సైకిలెక్కేవాడివి, ఆకుల సంచులు తూస్తూ ఆవలించేవాడివి, నువ్వు ప్రాక్టీసా?"

ఆయన సీసాలు మళ్ళీ వెనక్కి జరిపి ఫాయిల్ చివర సరిచేశాడు.

"మూడెందుకు పెడతారో తెలుసా?" అన్నాడు.

"ఒకటి తప్పయితే మిగతా రెండూ పట్టిస్తాయని."

"మరి మూడూ ఒకే తప్పు చేస్తే?"

ఏం తెలుసో ఏం తెలియదో ఆ ముసలాయనకి. నాకే గుమ్మడికాయ దొంగలా భుజాలు తడుముకోవాలనిపించింది. డాబా మెట్లు ఆయన కూర్చునే స్టూలు పక్కనుంచే వెళతాయి.

ఇంకోటి రాయాలి. ముందు ఒక్క సీసానే డాబా మీదికి తీసుకెళదామనుకున్నాను. ఒక్కటే వేరే అంకె చూపిస్తే మేడమ్ పట్టేస్తారు. మూడూ పెడితే మూడూ కలిసి ఉంటాయి. అది ఆలోచించే మూడూ తీసుకెళ్ళాను. మనసులో అనుకున్నది ఇంత పచ్చిగా కాదు. కానీ అనుకున్నది ఇదే.

13, ఆదివారం

ఏమీ లేదు. వాన.

14, సోమవారం

1.1, 0.9, 1.2.

7.2 నుంచి.

మూడుసార్లు మీటర్ కడిగి మళ్ళీ పెట్టాను. అవే.

తిన్నగా మేడమ్ గదికి వెళ్ళాను. తాళం. బుధవారం దాకా రారట, ఏదో మీటింగు. గది బయట నిలబడి ఊపిరి పీల్చుకున్నాను, నిజం చెప్పాలంటే. ఆవిడ లేకపోతే నేనేం చెయ్యగలను? నా తప్పు కాదు.

15, మంగళవారం

పొద్దున టీ తాగుతుంటే బావతో మళ్ళీ మొదలుపెట్టాను.

"బావా, నేను సొంతంగా పరీక్ష చేశాను. ఏడు నుంచి ఒకటికి పడింది."

"ఏది ఏడు, ఏది ఒకటి?"

"ఆక్సిజన్."

"ఎవరు చూశారు?"

"నేనే."

"సంతకం?"

"లేదు."

"అయితే ఏడైనా నువ్వే, ఒకటైనా నువ్వే." కప్పు కింద పెట్టాడు. "ఒరేయ్ తూనీగా, మీ మేడమ్ అదే పరీక్ష చేసి తగ్గలేదంది. నువ్వు చేస్తే తగ్గింది. ఒకే ఏరు, ఒకే సీసా. తేడా ఎక్కడొచ్చిందో చెప్పు, ఇప్పుడే ఇంజన్ స్టార్ట్ చేస్తాను."

సరిగ్గా అక్కడే పెట్టాడు వేలు. చెప్పు అంటున్నాడు. నోరు తెరిస్తే చాలు.

"నీళ్ళు మారాయేమో" అన్నాను.

"మారితే మీ మేడమే చెబుతుందిలే. బుధవారం వస్తుందిగా."

కుడితిలో పడ్డ ఎలుకలా ల్యాబ్‌కి వెళ్ళాను. తాతకి చెప్పేశాను, డాబా సంగతంతా. ఆయన బ్రష్ ఆపలేదు.

"మేడమ్ లేరు తాతా, ఏం చెయ్యమంటావు?"

"ఊళ్ళో లేదు. ఫోన్లో కూడా లేదా?"

"మీటింగులో ఉంటారు."

"అవును పాపం. మీటింగులో ఉన్నవాళ్ళని కదిలించకూడదు" అన్నాడు. సీసా ఎత్తి వెలుతురుకి చూశాడు. "చేపలకి చెప్పు, బుధవారం దాకా ఊపిరి బిగబట్టమని."

ఫోన్ చెయ్యలేదు. రెండుసార్లు నంబర్ తీశాను.

16, బుధవారం

చాలా రాయాలి.

తెల్లారగానే బావతో పడవలో వెళ్ళాను, మీటర్ పట్టుకుని. పాచి పగలంతా వదిలిన ఆక్సిజన్ రాత్రంతా నీళ్ళలోవన్నీ తినేస్తాయి, అందుకే పొద్దున్నే తక్కువ. గాలి లేదు. నీళ్ళు దుప్పటి పరిచినట్టున్నాయి. మొదటి కేజ్ దగ్గరికి వెళ్ళేసరికి చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. వందల నోళ్ళు. సన్నగా చప్పుడు.

బావ మొహం వెలిగింది. "చూశావా, ఆకలి! నువ్వేమో చస్తాయంటావు" అని మేత డబ్బా అందుకున్నాడు.

ఆకలి కాదది. కింద ఊపిరాడక పైపొరలో ఉన్న కాస్త కోసం వచ్చాయి. మేత వేస్తే తినవు, అది కూడా కిందికి దిగి కుళ్ళుతుంది, ఉన్న కాస్తా అదే తినేస్తుంది. రెండో గుప్పెడు వెయ్యబోతుంటే చెయ్యి పట్టుకున్నాను. మీటర్ దించాను. 2.8. నాలుగుకన్నా తగ్గితే చేపకి కష్టం.

"వదులు."

"బావా, కాగితం తప్పు."

"మళ్ళీనా?"

"ఆ సీసాలు నేను ఎండలో పెట్టాను. చీకట్లో ఉండాల్సినవి. డాబా మీద పెట్టి మేడమ్‌తో అబద్ధం చెప్పాను. మీ కాగితంలో ఉన్న అంకె నా వల్ల వచ్చింది."

గుప్పిట్లో మేత అలాగే ఉంది. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. నీళ్ళలో పడేసిన మొదటి గుప్పెడు వైపు చూశాడు. ఒక్క పలుకు కూడా చేప ముట్టలేదు. మెల్లగా మునుగుతోంది.

"ఎన్నాళ్ళుగా తెలుసు నీకు?"

"ఏడో తేదీ నుంచి."

"తొమ్మిది రోజులు." చేతిలో మేత డబ్బాలోకి వదిలి మూత పెట్టాడు. "నాకు ఇప్పుడు చెప్పావు. మీ మేడమ్‌కి?"

"లేదు."

"చెప్పు. ఇక్కడ కేజ్‌లున్నది నాకొక్కడికే కాదు. ఆ కాగితం ఐదుగురికీ ఇచ్చారు."

పడవలోంచే ఫోన్ చేశాను. బావ ఇంజన్ ఆపేసి ఎదురుగా కూర్చున్నాడు. మేడమ్ రైల్లో ఉన్నారు. అంతా చెప్పాను.

"ఎన్ని రోజులు పెట్టావు?"

"మూడు రోజులు మేడమ్." పదో తేదీన ఇక్కడ రెండే రాశాను.

"మూడు సీసాలూనా?"

"మూడూ."

"ఎందుకు?"

"రంగు విరుగుతుందని తాత అంటే, చూద్దామని."

"అడిగుంటే నాలుగో సీసా ఇచ్చేదాన్ని కదయ్యా" అన్నారు. అరవలేదు. అరిస్తే బాగుండేది. తర్వాత నా సొంత సీసాల అంకెలు అడిగారు, ఎలా నింపానో, ఎప్పుడు నింపానో, ఫాయిల్ ఎలా చుట్టానో ఒక్కొక్కటే అడిగారు. పొద్దుటి మీటర్ అంకె అడిగారు. "వెంటనే జరపమని ఐదుగురికీ నేను ఫోన్ చేస్తాను. కాగితం వెనక్కి తీసుకుంటున్నానని కూడా చెబుతాను, సంతకం నాది కాబట్టి. ఎందుకు తప్పు వచ్చిందో మాత్రం నువ్వే వెళ్ళి చెప్పు. ఒక్కొక్కరికీ. నీ నోటితో." ఆగి, "అల్మారా తాళం తాతకి ఇచ్చెయ్" అన్నారు.

రేపట్నించి రావద్దనలేదు. రమ్మనీ అనలేదు.

మిగతా నలుగురి దగ్గరికీ వెళ్ళాను. బట్టతలాయన రెండుసార్లు చెప్పించుకున్నాడు, మొదటిసారి నమ్మలేక. అన్నదమ్ములిద్దరిలో పెద్దాయన గొడుగు ఎత్తాడు, చిన్నాయన ఆపాడు. పాత లారీ డ్రైవర్ విని తలుపేసుకున్నాడు. వలల పెద్దమ్మ వల కుడుతూనే వింది. "మా ఆయన పోయాక ఈ నాలుగు కేజ్‌లే నాకు" అంది. "నువ్వు నీళ్ళ రంగు చూసుకున్నావన్నమాట." సూది ఆపి ఒకసారి నా మొహం చూసింది. "బాగుందా?" అని అడిగింది.



అక్కకి ఇంకా చెప్పలేదు. బావ చెప్పాడేమో. కంచం పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

17, గురువారం

పడవలోనే రాస్తున్నాను. తాడు మార్చేదాకా పది నిమిషాలుంది.

ఇక్కడ కేజ్‌లు లాగగలిగేంత ఇంజన్ బావ పడవకే ఉంది. మిగతావాళ్ళవి తెడ్డు పడవలు. వేగంగా లాగితే వల వెనక్కి వాలి చేపలు ఒకదాని మీద ఒకటి నలిగిపోతాయి, అందుకని నడిచే మనిషికన్నా మెల్లగా పోవాలి. ఒక విడత నాలుగు కేజ్‌లు, లోతు వైపుకి చేర్చి తిరిగి వచ్చేసరికి రెండు గంటలు. నిన్న మధ్యాహ్నం మొదలుపెట్టాం. ముందు మనవి కడదామని నేను తాడు విప్పాను. మనవి ఏటి నోటికి అన్నిటికన్నా దగ్గర, మీటర్ కూడా అక్కడే అన్నిటికన్నా తక్కువ. లెక్క ప్రకారం ముందు అవే లాగాలి.

"ఎక్కడ కడుతున్నావు?" అన్నాడు బావ.

"మనవాటికి."

"అది పెద్దమ్మ కేజ్‌లకి కట్టు. తర్వాత డ్రైవర్‌వి. ఆ తర్వాత అన్నదమ్ములవి, బట్టతలాయనవి."

"బావా, మన దగ్గర రెండున్నరే ఉంది. పెద్దమ్మ దగ్గర మూడున్నర ఉంది. వాళ్ళు ఆగగలరు, మనం ఆగలేం. మీటర్ చూడు."

"చూశాను."

"మరి?"

"తప్పు మనింట్లోంచి వచ్చింది. మనవి ఆఖరున."

"తప్పు నాది, నీది కాదు. చేపలు నీవి!"

"నువ్వెవరివిరా మరి?" అన్నాడు. అంతే. ఇంజన్ స్టార్ట్ చేశాడు.

నిన్న చీకటి పడేలోపు పెద్దమ్మవి, డ్రైవర్‌వి అయ్యాయి. ఈరోజు తెల్లారి అన్నదమ్ములవి మొదటి నాలుగూ అయ్యాయి. వాళ్ళవింకో రెండు, బట్టతలాయనవి రెండు కలిపి ఒక విడత. అది కాగానే మనవి, రెండు విడతలు.

పొద్దున మన ఏడో కేజ్‌లో తెల్ల పొట్టలు కనిపించాయి. నలభై దాకా లెక్కపెట్టి ఆపేశాను. అక్క గట్టు మీదినుంచి చూస్తోంది. బావ అటు తిరగలేదు, తాడు మెలికలు తీస్తున్నాడు. ఐదో కేజ్ దగ్గర ఇప్పుడే మీటర్ దించాను. 1.9. ఎండ వచ్చింది, పాచి ఏమన్నా వదిలితే మధ్యాహ్నానికి కాస్త పెరగాలి. గాలి లేచినా చాలు. లెక్క వేసి చూస్తే మనవాటి దగ్గరికి వచ్చేసరికి మీటర్ రెండు దాటుతుంది. ఎనిమిదిలో నాలుగు కేజ్‌లు మిగులుతాయేమో. ఐదు మిగలొచ్చు, గాలి వస్తే

బావ పిలుస్తున్నాడు. "రాసింది చాలు, తాడు పట్టు!" అంటున్నాడు. వెళ్ళాలి.